ఉరుకుడు బటన్ మీదికెల్లి వేలు తియ్యి

నా భర్తకు ఆదిలాబాద్ బదిలీ అయిందన్న సంగతి నాకు కరీంనగర్‌లో, నా టైలరింగ్ దుకాణంలో తెలిసింది. అప్పుడు నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒకామె జాకెట్టు భుజం దగ్గర సరిచేస్తున్నాను. ఆమె భర్త, నా భర్త ఒకే విత్తనాల కంపెనీలో పనిచేస్తారు.

"అక్కా, మీరు ఆదిలాబాద్ పోతున్నరట గదా! పోయేలోపు నా జాకెట్లు అయితయా మరి?" అని ఆమె అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

నోట్లో సూదులున్నాయి కాబట్టి తలూపి ఊరుకున్నాను.

నా భర్త నాకు మేనబావే. పెళ్లికి ముందు ఎలా పిలిచానో ఇప్పటికీ అలాగే పిలుస్తాను. ఆ సాయంత్రం "బావా, నిజమేనా?" అని అడిగితే, "ఆఁ, ప్రమోషన్ మీద. చెప్దామనుకున్న, జర పరేషాన్‌ల ఉండి చెప్పలే" అన్నాడు. కంపెనీవాళ్లు ఫోన్లో అడగడం, తను సరేననడం అంతకు వారం ముందే అయిపోయాయి. నా దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు మగ్గం పని చేస్తారు. పెళ్లిళ్ల కాలం. వాళ్ల సంగతి, నా సంగతి ఆయన లెక్కలో ఎక్కడున్నాయో నాకు అర్థం కాలేదు.

ఆయన ముందు వెళ్లి ఆదిలాబాద్‌లో ఇల్లు చూసి, వచ్చి చూడమన్నాడు. బస్సు నిర్మల్, ఇచ్చోడ దాటి ఆదిలాబాద్‌లో ఆగేవరకూ ఏమేం అడగాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. ఇంట్లో అడుగు పెట్టగానే ఆయన పక్కగది తలుపు తీసి, సంతోషంగా, "గీ రూం నీ మిషిన్లకు. కిటికీ కాడ మగ్గం పెట్టుకోవచ్చు" అన్నాడు. నా మగ్గం చోటు కూడా నిర్ణయమైపోయింది. ఇక అడగడానికేముంది అనిపించింది. ఆ క్షణం నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఇల్లు చూసిపోదామని వచ్చి ఉన్న ఆ కొద్ది రోజులూ అన్నం పెట్టేదాన్ని. తినేవాడు. గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో చప్పుడు లేదు. బయట పత్తి బండ్లు మార్కెట్‌కు పోతుంటే ఆ మోత కూడా మంచిదే అనిపించేది.

శనివారం ఆయన బజారు నుంచి చిన్న డబ్బా తెచ్చి టీవీకి తగిలించాడు. రెండు రిమోట్లు. ఆట కొత్తదే, కానీ పాతకాలం వాటిలా చేశారు. చదరపు చుక్కల బొమ్మలు, టుంయ్ టుంయ్‌మనే సంగీతం. లాంతరు పట్టుకున్న ఒక బుడ్డోడు గోడలెక్కుతూ, గుంతలు దుంకుతూ కుడివైపుకు పోవాలి. మూడే ప్రాణాలు. ఆడినంతవరకు మధ్యలో దాచుకునే వీలు లేదు, మూడూ పోతే మళ్లీ మొదటి నుంచే.

ఆదివారం మధ్యాహ్నం నేను వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ముందుగదిలో చాప మీద కూర్చుని బావ ఒకే గుంతలో మళ్లీ మళ్లీ పడుతున్నాడు. పడ్డప్పుడల్లా టీవీ ఏడుపు రాగం తీస్తుంది. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ఆయన ఎగరాల్సిన చోట నా బొటనవేలు చిక్కుడుకాయను నొక్కుతోంది.

పెద్దపల్లిలో మా ఇంట్లో అన్నకు క్యాసెట్లు పెట్టే వీడియో గేమ్ ఉండేది. అన్నకంటే నేనే బాగా ఆడేదాన్ని. ఎండాకాలం సెలవులకు వచ్చిన బావ మొదటి గుంతలోనే పడేవాడు. అందుకని ఆయనకు మేం ఇచ్చిన పని, టీవీ వెనక ఊడిపోయే వైరు పట్టుకుని కూర్చోవడం.

బుడ్డోడు మళ్లీ పరుగెత్తుకొచ్చి గుంతలో పడ్డాడు. మూడో ప్రాణమూ పోయి ఆట మొదటికొచ్చింది. ఇక నా వల్ల కాలేదు.

"ఉరుకుడు బటన్ మీదికెల్లి వేలు తియ్యి."

బావ వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే నేను లేచి వెళ్లిపోయేదాన్నేమో. వేలు మాత్రం తీశాడు. బుడ్డోడు మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఆగు. దుంకకు. గా చెక్క ఎటు పోతుందో, ఎప్పుడొస్తుందో సూడు ముందు."

గుంత మీద ఒక చెక్క అటూ ఇటూ తిరుగుతోంది.

"దగ్గరికొచ్చింది, దుంకుదునా?"

"వద్దు. ఇప్పుడది ఎన్కకు పోతది. నీ దిక్కు వచ్చేటప్పుడే దుంకాలె. ఇగో, ఇప్పుడు!"

బుడ్డోడు దుంకి చెక్క అంచు మీద నిలబడ్డాడు. చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, చాపకు కొంచెం దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"పైన పైసలున్నయి," అన్నాడు.

"ఇడిసిపెట్టు. గుంత మీద పెట్టిన పైసలు నిన్ను పడేయనీకే. బటన్ ఊకె గట్టిగ ఒత్తకు. జర ముట్టుకుంటే చిన్నగ దుంకుతడు, పట్టుకుంటే ఎత్తుకు పోతడు. బుడ్డోని దిక్కు సూడకు, వాని ముందటి జాగ సూడు."

ఆయన భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. చెమట పట్టిన చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. ఆ పూట కరెంటు ఒకసారి పోయి వచ్చింది కూడా. మళ్లీ పోతే ఇంతదూరం వచ్చిందంతా గంగలో కలిసినట్టే. ఇద్దరం ఆ మాట అనకుండా ఒకసారి ఫ్యాన్ వైపు చూశాం.

చివరికి రాతి ఎద్దు వచ్చింది, తెర సగం నిండా. ఆయన చూడగానే దాని మీదికి దుంకాడు, కొమ్ము తగిలి ఒక ప్రాణం పోయింది.

"నువ్వే ఆడు," అని రిమోట్ నా ముందు పెట్టాడు.

"రెండోది ఇయ్యి. ఇద్దరం ఆడుదాం."

ఇద్దరు ఆడినా ప్రాణాలు ఉమ్మడే. మిగిలినవి రెండు. అందులో ఒకటి నా చేతుల్లోనే పోయింది. ఇన్నేళ్ల తర్వాత వేళ్లు అనుకున్నంత చురుగ్గా లేవు.

"కొట్టకు బావా. ఊకె తప్పించుకో. అది ఏం చేస్తదో సూద్దాం."

"ఎంతసేపు?"

"తెలిసేదాక."

ఎద్దు ఉరికింది, తిరిగింది, మళ్లీ ఉరికింది. మేం పైకెగిరి తప్పించుకున్నాం. గోడకు గుద్దుకున్నప్పుడల్లా అది కాసేపు నాలుక బయటపెట్టి నిలబడుతోంది. అది కనిపెట్టింది బావే. "అలిసిపోతుంది సూడు, గప్పుడు!" అని అరిచాడు. ఆయన గోడ దగ్గర నిలబడి దాన్ని ఊరించాడు, నేను నెత్తి మీద దుంకాను. మూడోసారికి రాళ్లు రాళ్లుగా పగిలిపోయింది.

టీవీ పండుగ సంగీతం వాయిస్తుంటే, ఆయన తెర వైపే చూస్తూ అన్నాడు.

"అడిగితే వద్దంటవని అడగలే."

"వద్దనే అంటుంటి."

"మరి?"

"మరి గది ఇనాలె గద బావా! ఇని, అయినా పోత అంటే అదొక లెక్క. నోట్ల సూదులు పెట్టుకొని పరాయామె నోట ఇన్న నేను."

ఆయన రిమోట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, "నాకంటె ఎన్కొచ్చినోళ్లు మీదికి పోయిండ్రు. ఇప్పుడు పోను అంటే ఇగ నన్ను అడగరని భయమయింది" అన్నాడు. ఆయనకు అలాంటి భయమొకటి ఉందని నాకు తెలియదు. తెలిసినా నా మాట మారలేదు.

"గా భయం నాకు ముందే చెప్తె అయిపోతుండె. దుకాణం మాత్రం కరీంనగర్‌లనే ఉంటది. గీ ఇల్లు నాకొద్దు."

ఆయన రిమోట్ చాప మీద పడేసి లేచాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. గేటు చప్పుడు గట్టిగా వినిపించింది. కూర పొయ్యి మీద పెట్టాను. మాట్లాడకుండా ఉన్నప్పుడే నయమేమో అనిపించింది.

చీకటి పడకముందే పాల ప్యాకెట్ పట్టుకుని వచ్చాడు. వంటింటి బయటే నిలబడి, "ఇంటి ఓనరుకు ఇల్లొద్దని చెప్పిన. నాకొక్కనికి సరిపోయే రూం ఎక్కడన్న ఉంటే సూడుమన్న" అన్నాడు.

"కోపమా?"

"ఉన్నది," అన్నాడు. "చాయ్ పెట్టు."

ఇప్పుడు ఆయన అక్కడ ఒక్క గదిలో ఉంటాడు. వారానికోసారి బస్సెక్కి కరీంనగర్ వస్తాడు. తేలిగ్గా ఏమీ లేదు. వెళ్లాల్సిన పొద్దున ఇద్దరం అయినదానికీ కానిదానికీ విసుక్కుంటాం. కరీంనగర్‌కు తిరిగి వేయమని అర్జీ పెట్టుకున్నాడు, ఈసారి నాతో చెప్పే పెట్టాడు. జవాబు రాలేదు.

ఆట డబ్బా ఆయన దగ్గరే ఉంది. మొన్న కత్తెర చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది.

"మంచు లెవల్ల ఉన్న. ఎక్కడ ఆపినా జారి పడుతున్న, ఏం చెయ్యాలె?"

"ఎన్ని ప్రాణాలున్నయి?"

"ఒక్కటే."

ఫోన్ స్పీకర్లో పెట్టి బట్ట మీద ఉంచాను. మగ్గం దగ్గరున్న ఆడవాళ్లిద్దరూ సూదులు ఆపి వింటున్నారు.

"జారేదానికంటె ముందే ఎదురు దిక్కు బాణం బటన్ ఒత్తు," అన్నాను. "ఆఁ, ఇగ నడువు. మెల్లగ."