గడప మీద ఆగిన పాట

మన్నెగూడలో నేను కీబోర్డు నేర్పే గది ఒక టైలరింగ్ షాపు పైన ఉంటుంది. మొన్న సాయంత్రం మెట్లెక్కుతుంటే పైనుంచి ఒక కార్డు వినిపించింది. మూడు నాలుగు మీటలు కలిపి ఒకేసారి నొక్కితే వచ్చే నిండు ధ్వనిని మేం కార్డు అంటాం. నాకంటే ముందే వచ్చిన పిల్లెవరో దాన్ని నొక్కి, తర్వాతది నొక్కకుండా పాటను నడుమ వదిలేసింది. నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది. "అమ్మా తల్లీ, ముందు ఆ పాటను ఇంట్లోకి తీసుకురా, ఆ తర్వాతే నేను పైకొస్తా!" అని కింది నుంచే అరిచాను. టైలర్ తల బయటపెట్టి నవ్వాడు. ఆయనకు నా సంగతి అలవాటే. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి బాలమణక్క.

బాలమణక్క ఇబ్రహీంపట్నంలో పెళ్లిపాటల పార్టీ నడిపేది. కొత్త కోడలు అత్తగారింట్లో అడుగుపెట్టేటప్పుడు పాడాలంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమెనే పిలిచేవి. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా పోయేది. మైకు ఇస్తే "గిదెందుకు, నేనేమన్న మూగదాన్నా?" అని పక్కన పెట్టేది, కాసేపటికి తనే లాక్కునేది. ఏళ్ల తరబడి తనే హార్మోనియం వాయిస్తూ పాడింది. వేళ్ల కణుపులు వాచాక వాయించడానికి ఇంకొకరు కావలసి వచ్చారు. వచ్చినవాళ్లంతా పాటలు వంటబట్టగానే పట్నం బ్యాండ్లలోకి జారుకునేవాళ్లు. అలాంటి సమయంలో నేను దొరికాను.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. కీబోర్డు తప్ప వేరే ధ్యాస లేదు. మా బాపు హయత్‌నగర్‌లో మేనమామ సిమెంటు దుకాణంలో నాకు కుర్చీ కూడా చూసిపెట్టాడు. "ఈ పెండ్లిళ్ల సీజన్ దాక చూస్త బిడ్డా. అక్క నిన్ను పార్టీల ఉంచుకుంటే సరే. లేకుంటే మామ దుకాణంల కూసుంటవ్, ఇగ మాట్లాడేది లేదు," అన్నాడు. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. బతికితే పాటతో బతకాలి, లేదంటే సిమెంటు దుమ్ములో రసీదులు రాసుకోవాలి. నా ముందున్న దారులు ఆ రెండే.

మొదటి రోజే అక్క తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "గిండ్ల పాటలు పెట్టుకొని ప్రాక్టీసు చేసే ఆప్ ఉన్నదంట గద. నా పాటలన్ని అండ్ల ఎక్కియ్యి. ఇగ ఎవడు ఉరికినా నాకు ఫికర్ లేదు." ఆ ఆప్ ఎట్లా వాడాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమె వరస వరసగా పాడేది. నేను మాటలు టైపు చేసి, కార్డు ఎక్కడ మారుతుందో అక్కడ మాట నెత్తిన దాని పేరు, ఒక ఇంగ్లీషు అక్షరం, పెట్టేదాన్ని. దాన్నే చార్టు అంటారు. వేగం చెబితే ఆప్ తాళం వేస్తూ చార్టును తనే పైకి జరుపుతుంది. చెప్పడం తేలికే! తెలుగు వత్తులు ఆ ఆప్‌కు మింగుడుపడలేదు. ఒక మాట మీద పెట్టిన అక్షరం జరిగి జరిగి పక్క మాట మీద కూర్చునేది. పైగా నేను మాట మొదలైన చోటల్లా కార్డు మార్చేదాన్ని. అక్క నా రెండు చేతులూ పట్టుకుని చప్పట్లు కొట్టించింది. "మాటను జూసి మార్చకు పిల్లా, చప్పట్ల మీద మార్చు. మాట ముందొస్తది, ఎన్కొస్తది. చప్పట్లు ఎటు పోతయ్?" అంది. అప్పటిదాకా చేసినవన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఆ ఇంగ్లీషు అక్షరాలు అక్క నోట పలికేవి కావు. ఆమెకు ఆమె పేర్లున్నాయి. పాట మొదలై చివరికి చేరుకునే కార్డు ఇల్లు. కాస్త బయట తిరిగొచ్చేది వాకిలి. గుబులుగా ఉండేది వెనక అర్ర. ఇంట్లోకి వచ్చే ముందు, ఇక వచ్చేస్తాం అన్నట్టు ఆగి ఉండేది గడప. "గడప మీద నిలబెట్టి పోతే పాపం తగుల్తది" అనేది. నేను నవ్వాను. మొదటి పెళ్లిలో ఆ నవ్వు ఎగిరిపోయింది.

మా దగ్గర కొత్త జంట ఇంటికి రాగానే పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు గుమ్మానికి అడ్డం నిలబడతారు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి దారి. పిల్ల సిగ్గుతో నలిగిపోతూ మొగుడి పేరు చెప్పేదాకా అక్క పాట గడప కార్డు మీదే ఊగుతూ ఉండాలి. పేరు బయటపడి, కుడికాలు లోపల పడ్డ క్షణాన ఇల్లు కార్డు పడాలి. నేను ఆ చోట లెక్క కట్టి కొన్ని చప్పట్లు పెట్టాను. ఆప్ తన లెక్క ప్రకారం జరిగిపోయింది, దాని వెంట నేనూ పోయాను. అక్క వెనక్కి తిరిగి అందరి ముందూ అరిచింది: "పిల్ల ఇంక గడప అవతల్నే ఉన్నది, నీ పాట లోపలికి పోయి అన్నం తింటున్నదే!" జనం ఒకటే నవ్వు. నాకు సిమెంటు దుకాణం కుర్చీ కళ్లముందు కనిపించింది.

తర్వాత వారం అక్క ఫోన్ పట్టుకుని తిట్టుకుంటూ వచ్చింది. "ఏం ఒత్తిన్నో ఏమో, ఒక్క వరసనే తిర్గుతున్నది, ఎంతకూ ఆగుతలేదు!" చూస్తే, మనం తాకేదాకా ఒకే వరసను తిప్పే గుర్తు ఆప్‌లో ఉందట. మాకు కావలసింది సరిగ్గా అదే! దాన్ని గడప దగ్గర పెట్టాను. నేర్చుకున్నది నేను, కనిపెట్టింది తనేనని ఊరంతా చెప్పుకున్నది మాత్రం అక్క.

సీజన్ చివరి పెళ్లి తుర్కయాంజాల్‌లో, ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తులో. ఇరుకు వరండా నిండా చుట్టాలు. పెళ్లికొడుకు పిల్ల పేరు చెప్పేశాడు, పిల్ల చెప్పలేదు. పాట గడప మీద తిరుగుతూనే ఉంది. "ఆకలైతున్నది, కానియ్యుండ్రి" అని ఎవరో గొణిగారు. అక్క ఇంకా గొంతు పెంచింది. నేను ఫోన్ వదిలి పిల్ల వైపు చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పాపం, ఎప్పటినుంచో చెబుతూనే ఉంది, మా మోతలో ఎవరికీ వినపడలేదు! తాళం ఆపేశాను. కీబోర్డు శబ్దం బాగా తగ్గించి, గడప కార్డును మాత్రం సన్నగా పట్టుకున్నాను. రెండో చేత్తో అక్క భుజం తట్టి ఆగమన్నాను. పాడుతున్న బాలమణక్కను ఆపడమంటే మాటలా? ఆమె నన్ను చూసిన చూపుకు నా పని అయిపోయిందనుకున్నాను, అయినా పాట ఆపింది. ఆ నిశ్శబ్దంలో పిల్ల మొగుడి పేరు చెప్పింది. ఈసారి అందరికీ వినపడింది. ఆమె కాలు లోపల పెట్టింది, నేను ఇల్లు కార్డు వేశాను.

తిరిగొచ్చి ఇబ్రహీంపట్నంలో ఆటో దిగి, చాయ్ చేతికొచ్చాక అక్క అంది: "ఫోన్ తియ్యి. తిర్గే వరస మీద రాయి, పిల్ల మొకం చూడు అని."

"నాకు గుర్తుంటదిలే అక్కా."

"నీకు కాదే, నాకు. గా పిల్ల చెప్తనే ఉన్నది, నా లొల్లిల నాకే వినబడలే." తర్వాత మా బాపుకు ఫోన్ చేసింది. "గా కుర్చీల ఇంకెవరినన్న కూసోబెట్టుకొమ్మను మీ బామ్మర్దిని. ఈ పిల్ల నాది," అంది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. "చాయ్‌ల ఉప్పు పడ్తది, పక్కకు జరుగు" అని కసిరింది.

నా పెళ్లికి కీబోర్డు దగ్గర ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు అక్క. ఆ వాచిన వేళ్లతో తనే వాయించింది. మా ఆడబిడ్డ గుమ్మానికి అడ్డం నిలబడింది. పేరు నాకు రాకనా? నాలుక చివరే ఉంది. కానీ అక్క ఫోన్ పక్కన పెట్టేసి నా ముఖాన్నే చూస్తూ గడప కార్డు పట్టుకుని ఉంది. అది ఇంకాసేపు వినాలనిపించింది. తలొంచుకుని సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాను. మా ఆయన కంగారుగా "మర్చిపోయినవా ఏంది?" అని గుసగుసలాడాడు. అక్కకు అర్థమైంది. "నాటకాలు చెయ్యకే! నా వేళ్లు గుంజుతున్నయ్, చెప్పు!" అని కేకేసింది. నవ్వుతూ చెప్పేశాను.

పోయిన ఏడాది బాలమణక్క కన్నుమూసింది. ఆమె పాటలన్నీ ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్నాయి. నా దగ్గరికొచ్చే పిల్లలు చార్టు చేయడం ఆ పాటలతోనే మొదలుపెడతారు, తిరిగే వరస మీద 'పిల్ల మొకం చూడు' అన్న అక్క మాటే రాసుకుంటారు. మొన్న నేను మెట్టు మీద నిలబడి అరిచాక, పైనున్న పిల్ల నవ్వి, ఇల్లు కార్డు నొక్కి పాటను లోపలికి తెచ్చింది. నేను మాత్రం వెంటనే కదల్లేదు. నా పెళ్లి రోజు అక్క ఎంత కసిరినా, ఇంకాసేపు పేరు చెప్పకుండా ఉండాల్సింది.