పంద్రాగస్టు నాడు నేను మైకుకు తొడిగింది

ఒక చిన్న రబ్బరు ముక్కతో ఊరందరి పరువునూ ఒకే పూట వానలో నిలబెట్టి తడిపిన మొనగాణ్ని నేను. నమ్మరా? కొత్తకోట చుట్టుపక్కల యాభై దాటిన వాళ్లెవరినైనా "మైకుసెట్టు యాదయ్య సంగతేంది?" అని అడిగి చూడండి. ముందు నవ్వుతారు, తర్వాత పక్కన ఆడవాళ్లున్నారేమో చూసుకుంటారు, ఆ తర్వాతే చెబుతారు. వాళ్లు ఉప్పూకారం కలిపేలోగా నేనే చెప్పేస్తే నయం.

ఎనభైల చివర్లో మాట. నాకు ఇరవై ఏళ్లు. ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పొసగక, బడిని నేనే ఫెయిల్ చేసి బయటికొచ్చాను. ఆ తర్వాత ఒక పాత ఆంప్లిఫయరూ, రెండు హారన్లూ, ఒకే ఒక్క మైకూ సంపాదించి పెళ్లిళ్లకూ జాతరలకూ కిరాయికిచ్చేవాణ్ని. ఆ మైకుకు వాన పడదు. నాలుగు చుక్కలు పడితే తోక తొక్కిన పిల్లిలా కీచుమనేది.

ఆ ఏడు పంద్రాగస్టుకు హైస్కూలు నుంచి పిలుపొచ్చింది. జెండా ఎగరేశాక ఒక పంచాయితీ కూడా ఉంది. దవాఖాన నర్సు సుగుణమ్మ పదో తరగతి పిల్లలకు ఒంట్లో వచ్చే మార్పుల గురించీ, పెళ్లీడు గురించీ, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం గురించీ ఒక్క గంట పాఠం చెబుతానని ఏడాదిగా బడి చుట్టూ తిరుగుతోంది. హెడ్మాస్టరు సారు ససేమిరా అంటున్నాడు. అటో ఇటో తల్లిదండ్రుల ముందే ఆ రోజు తేలిపోవాలి.

పొద్దున్నే మబ్బు పట్టింది. నా ఫికరంతా మైకు మీదే. ఏం తొడగాలా అని వెతుక్కుంటూ పోతుంటే, దవాఖాన వాకిట్లో తగిలించిన చెక్కపెట్టె కనబడింది. పైన ఎర్ర త్రికోణం, కింద "ఉచితం". లోపల పొట్లాలు. ఒకటి విప్పితే పలచటి రబ్బరు, పౌడరు పూసి ఉంది. అక్కడే అటెండరు జహంగీర్ భాయ్ బీడీ తాగుతున్నాడు.

"భాయ్, ఏందివి?"

"నీకెందుకుర?"

"మస్తు సాగుతున్నయి."

"అరె, నడిబజార్ల సాగదీస్తవేంది! జేబుల పెట్టుకో."

"దేనికి పనికొస్తయో జర చెప్పు."

"లగ్గమైతే తెలుస్తది తీ. నడువ్ ఈడికెల్లి!"

చూశారా? ఆయన ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథే లేదు. కుటుంబ నియంత్రణంటే నాకు తెలిసింది ఊళ్లోకొచ్చి ఎక్కించుకుపోయే ఒక జీపూ, ఒక ఆపరేషనూ, అంతే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, మా ఊళ్లో అసలు చెప్పేవాడే కరువు.

మైకుకు తొడిగాను. కొలిచి కుట్టించినట్టు పట్టింది. కింద దారంతో రెండు చుట్లు చుట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

జెండా ఎగిరింది. పిల్లలకు పిప్పరమెంట్లు పంచారు. తుంపర మొదలైంది. హెడ్మాస్టరు సారు మైకందుకున్నాడు. దాన్ని పెదవులకు ఆనిస్తే తప్ప ఆయనకు మాట్లాడినట్టుండదు.

"ఇది సరస్వతీ నిలయం! అటువంటి మాటలు, అటువంటి వస్తువులు ఈ గేటు దాటి లోపలికి రావడానికి వీల్లేదు! నేనుండగా రానివ్వను!"

మూడో వరుసలో ఒకాయన దగ్గాడు. పక్కాయన రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆడవాళ్ల వైపు కొంగులు ఒక్కొక్కటే మూతుల మీదికి పోయాయి, జొన్న చేను మీద గాలి వీచినట్టు. ఉపన్యాసం పండిందనుకుని సారు మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. సుగుణమ్మ తల వంచుకుంది, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. జనం మెచ్చుకుంటున్నారనుకుని నేను సౌండు పెంచాను.

ఊళ్లో సగం మందికి బొడ్డుకోసిన మంత్రసాని బాలమ్మ అవ్వ ఇక ఆగలేకపోయింది.

"ఓ సారూ! రానియ్య రానియ్య అంటున్నవు. అది నీ నోటి కాడికే వచ్చె గద, జర చూస్కో!"

జనం గొల్లుమన్నారు. సారు మైకు వైపు చూశాడు. నిప్పును ముట్టినట్టు వదిలేశాడు.

"ఎవడ్రా ఇది తొడిగింది?"

"నేనే సార్. వానకు."

"ఏందో తెలుసా నీకు?"

"రబ్బరు కవరు సార్. దవాఖానల ఊకెనే ఇస్తున్నరు. ఇంకో నాలుగున్నయి, కావాల్నా?"

అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కోవలసింది మాత్రం సారు. ఆయన మొహం కందగడ్డయింది. "ఇదంతా నీ పనేనమ్మా!" అని సుగుణమ్మ మీద విరుచుకుపడ్డాడు. "పాఠం లేదు, ఏం లేదు. మీటింగు ఖతం!"

సుగుణమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఏడాది తిరుగుడు నా తెలివికి బలైపోయిందని నాకు అప్పుడర్థమైంది. ఆమె మెల్లగా వచ్చి మైకు పట్టుకుంది.

"సార్, ఈ యాదయ్యకు ఇరవై ఏండ్లు. మాఘంల లగ్గం. ఇదేందో ఈయనకు ఇప్పటిదాక ఒక్కరన్న చెప్పిన్రా? మీ ఆడపిల్లలు పరీక్షలు కాంగనే అత్తగారిండ్లకు పోతున్నరు. వాళ్లకెవరు చెప్తరు? యాదయ్యనా?"

మూతుల మీది కొంగులు దిగాయి. వెనక వరుసలోంచి ఒకామె లేవకుండానే అంది: "చెప్పనియ్యి సారూ. మాకూ ఎవ్వలు చెప్పలే."

ఆమె పక్కన ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. సారు చేతులు లెక్కపెట్టలేదు, తడిసిన నేలను చూస్తూ అన్నాడు: "ఒక్క గంట. తలుపులేసి. ఆడపిల్లలకు వేరే, మగపిల్లలకు వేరే."

"మగపిల్లల కాడ యాదయ్య గూడ కూసోవాలె సార్," అంది సుగుణమ్మ.

అలా ఎనిమిదీ తొమ్మిదీ చదవకుండానే నేను పదో తరగతి మొదటి బెంచీలో కూర్చున్నాను. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి, వెనక పిల్లల ఇకఇకలు. సుగుణమ్మ బోర్డు మీద బొమ్మ వేసి నెమ్మదిగా చెబుతుంటే, బడి మానేశాక మొదటిసారి ఒక నోటుబుక్కు ఉంటే బాగుండుననిపించింది.

చివర్లో ఆమె అడిగింది: "ఎవరికన్న అనుమానాలున్నయా?"

పిల్లలు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. మూసిన తలుపు అవతల కాపలా ఉన్న హెడ్మాస్టరు సారు గొంతు సవరించుకున్నాడు.

"నాకొకటుందమ్మా."

ఆనాడే ఆంప్లిఫయరు సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఏ వస్తువైనా సరే, అదెందుకో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పేదాకా, ప్రాణం పోయినా సరే, దేనికీ తొడగను. మాఘంలో లగ్గమైంది. ఒట్టు మాత్రం ఇప్పటికీ తప్పలేదు.