సంతకం కోసం ఆగిన హెచ్చరిక

తొంభైల చివర్లో గోదావరి జిల్లాల్లోని ఒక రేడియో కేంద్రంలో క్యాజువల్ అనౌన్సరుగా చేరాను. క్యాజువల్ అంటే పర్మనెంటు కాదు. నెలకు ఆరు డ్యూటీలు, అవీ చార్టులో పేరుంటేనే. మా నాన్న నరసాపురం దిగువన సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. నేను స్టూడియోలో అడుగు పెట్టగానే కొందరు చేపల పులుసు సంగతి ఎత్తేవారు. నవ్వేసి ఊరుకునేవాణ్ణి. ఉద్యోగం కావాలి కదా.

నాకు పొద్దుటి డ్యూటీ ఉన్న రోజున నాన్నకు ఒక పద్ధతి ఉండేది. ట్రాన్సిస్టరు పెట్టుకుని కూర్చుని, నా గొంతు విన్నాకే నావ తోసేవాడు. గాలివాన హెచ్చరిక ఏదైనా ఉంటే కొడుకే చెబుతాడని నమ్మకం. ఆ మాట అమ్మ చెప్పినప్పుడు పొంగిపోయాను.

శ్రావణంలో ఒక ఉదయం ప్రసారం మొదలు కాబోతుండగా వాతావరణ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. గాలులు పెరుగుతాయి, ఎవరూ వేటకు వెళ్ళవద్దని. రాసుకున్నాను. అలాంటి కాగితం మీద డ్యూటీ ఆఫీసరు సంతకం పడాలి. సంతకం లేనిది మైకులో చదవకూడదని నియమం. ఆయన టీకి వెళ్ళారు. చెడ్డమనిషి కాదు, రోజూ వెళ్ళేదే. కాగితం చేత్తో పట్టుకునే శ్రోతలకు నమస్కారం చెప్పాను, భక్తిగీతాలు వేశాను. చదివేద్దామని రెండుసార్లు మైకు మీట మీద చెయ్యి వేసి తీశాను. చార్టులో పేరు పోతుందని భయం. పావుగంటకు ఆయన వచ్చి సంతకం పెట్టారు. వెంటనే చదివాను, ఒక్క తప్పు లేకుండా.

అప్పటికే నావ వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఆ హెచ్చరిక విన్నది అమ్మ ఒక్కతే.

మూడో రోజు నాన్న శవం ఒడ్డుకు చేరింది. అదే నావలో వెళ్ళి ఎలాగో బతికి బయటపడ్డ మా చిన్నాన్న నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"నీ గొంతు ఇన్నాడ్రా. మావోడేం సెప్పలేదు, పదండన్నాడు."

నన్ను తప్పు పట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత పర్మనెంటు అయ్యాను, డ్యూటీ ఆఫీసరునూ అయ్యాను. హెచ్చరిక వస్తే ముందు చదవండి, సంతకం తర్వాత పెడతానని నా కింద వాళ్ళకు చెప్పేవాణ్ణి. అందుకు రెండు మెమోలు వచ్చాయి, రెండింటికీ సంజాయిషీ రాసిచ్చాను. ఆ పావుగంటకు మాత్రం ఇప్పటికీ రాయలేను. ఉద్యోగం నాకు నేర్పింది ఇది: మైకు ముందు కూర్చున్నవాడు ఏమీ చెప్పకపోతే, వినేవాడు దాన్ని కూడా కబురుగానే తీసుకుంటాడు.