అత్తమ్మ కాచిన ద్రాక్షరసం

మా ద్రాక్షలో విషముందని సర్కారువాళ్లు తేల్చిన శనివారానికి నాకు ఐదో నెల. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న డెబ్బైల నాటి మాట. లక్డారం దారిలో మా అత్తగారి తోట. అంతకుముందు పరీక్షకని గుత్తులు పట్టుకెళ్లినవాళ్లే జీపులో వచ్చి, కాయల్లో పురుగుమందు మిగిలిపోయిందన్నారు. కోసిన బుట్టలన్నీ జప్తు చేసి, మా తోటలోనే గొయ్యి తవ్వించి పూడ్పించారు.

మందు కొట్టింది నా భర్త. కొట్టమని చెప్పింది సర్కారు మనిషే. ఇప్పుడు తప్పంటున్నదీ సర్కారే. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు నాకు.

"తింటే సస్తరా సారూ?" అని అడిగింది అత్తమ్మ.

"ఇవాళేం కాదమ్మా. కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది," అన్నాడు ఆఫీసరు.

ఎండ్రిన్ పురుగుమందు తాగినవాళ్లను చూశాం, తెల్లారేసరికి పోయేవాళ్లు. చంపకుండా ఒంట్లో కూర్చునే విషమేమిటో మా బుర్రలకు ఎక్కలేదు. అత్తమ్మ ఒక పండు నోట్లో వేసుకుని, "శక్కర లెక్కున్నది గదా," అంది.

జీపు వెళ్లాక గుర్తొచ్చింది. మొదటి కోత చర్చికివ్వడం మా ఇంటి ఆనవాయితీ. ఆ గుత్తులతోనే అత్తమ్మ మర్నాటి ప్రభు భోజన సంస్కారానికి రసం కాచి, అప్పటికే పంపేసింది.

"పారబోద్దామమ్మా," అన్నాడు నా భర్త.

"దేవునికిచ్చినదాన్ని సర్కారెట్ల గుంజుకుంటది?" అంది అత్తమ్మ.

పాస్టరు అయ్యగారిని అడిగితే, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అదేం జవాబో!

ఆదివారం అందరికంటే ముందు అత్తమ్మ మోకరించి తాగింది. తర్వాత గిన్నె నా దగ్గరికొచ్చింది. నా భర్త వైపు చూశాను. ఆయన తన అరచేతులు చూసుకుంటున్నాడు. తాగకపోతే దేవుణ్ని నమ్మనట్టు, తాగితే కడుపులో బిడ్డకేమవుతుందో. అత్తమ్మ మీదా, నా భర్త మీదా, అయ్యగారి మీదా, ఆ జీపు మీదా ఒళ్లుమండింది. తాగేశాను. తియ్యగానే ఉంది.

బిడ్డ బాగానే పుట్టింది. "సూసినవా?" అని బతికినన్నాళ్లూ దెప్పింది అత్తమ్మ. చూశాను. ఆ బిడ్డకిప్పుడు మనవలు. అయినా దానికి జ్వరమని కబురొస్తే చాలు, నా నాలుక మీద ఆ తీపి తగులుతుంది.