బోరు నీళ్లతో కడిగిన సీసాలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను. మూడో తరగతితో ఆగిన చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి.

అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబులో సీసాలు కడిగేదాన్ని. అక్కడ ముదిగుబ్బ నుంచి వచ్చిన ఒక పిల్ల జింకు ఆక్సైడు పొడి తయారు చేసేది. కంటికి ఆనని రేణువులు. గుండ్రంగా వచ్చేవాటిని సూదుల్లా రప్పించాలని ఆమె పంతం. అంత పెద్ద భవనంలో నా పక్కన కూర్చుని అన్నం తిన్నది ఆ పిల్ల ఒక్కతే.

సీసాలను చివర్లో డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. ఆ నీళ్లు ఒక బిందె రావాలంటే, యంత్రం చల్లబడటానికి పది బిందెలు మోరీలోకి పోవాలి. వాన లేని ఏడు. ట్యాంకరు దగ్గర కొట్లాడి వచ్చిన నాకు కడుపు మండింది. ఒక వారం బోరు నీళ్లతోనే కడిగి ఆరబెట్టాను. గాజు మీద తెల్లటి పొర మిగిలితే గుడ్డతో తుడిచేశాను.

ఆ వారం చేసిన పొడిని పెద్ద మైక్రోస్కోపు కింద చూడమని బెంగళూరుకు పంపితే, నెల తర్వాత ఫోటో వచ్చింది. అన్నీ సూదులే! మళ్లీ చేసి చూపమన్నారు ఆమె చదువు చూసే సారు. ఈసారి జాగ్రత్త కోసం సీసాలు ఆ పిల్లే డిస్టిల్డ్ వాటరుతో కడుక్కుంది. గుండ్రంగా వచ్చాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆ ఫోటో ఇంకెవరి పొడిదో అయ్యుంటుందని సారు అందరి ముందూ అనేశారు.

మరునాడు అన్నం తినేటప్పుడు అడిగింది.

"అవ్వా, రవ్వంత ఉప్పు తగిలినా దాని రూపం మారతాది. ఆ వారం సీసాలు ఏ నీళ్లతో కడిగినావు? చెప్పవ్వా, నిన్నేమీ అనను."

"ఏమే, నా మీదికి తోస్తాండావా? నువ్వు చెప్పిన నీళ్లతోనే కడిగినా. నా పనికి వంక పెట్టినోళ్లు యాడా లేరు."

"కోప్పడాకవ్వా. ఊరికే అడిగినా."

నమ్మింది.

పని పోతుందని భయపడ్డానా? పోతే చెనక్కాయల కూలికి పోయేదాన్ని. మరెందుకు? నీళ్లు పారబోసే ప్రతివాళ్లనూ తిట్టిన నోరు, తప్పు నాదని చెప్పడానికి తిరగలేదు. నేనొక్క మాట అనివుంటే ఆ సూదులు మళ్లీ వచ్చేవి కదా? ఆ తర్వాత ఆమె పక్కన కూర్చోలేక, నా సద్ది మెట్ల కింద తినేదాన్ని. ఏడాది తిరక్కుండానే చదువు వదిలేసి పోయింది. యాడుందో తెలియదు. తన చేతిలోనే లోపమని ఇంకా అనుకుంటోందేమో.

నీ చేతిలో లోపం లేదమ్మా. బోరు నీళ్లతో కడిగినా. నేనే.