మేక తింటే పాసు

మా పెద్దమ్మ పోయింది. అచ్చంపేట నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ ఇగ లేదే. పొద్దుగాల ఆకు తడుపుకుంటనే ఒరిగింది" అన్నాడు. ఉన్నపళంగా బస్సెక్కాను.

ఊళ్లోకి థర్మాకోల్ ప్లేట్లు దిగిన కాలంలో ఆమె మోదుగాకు విస్తర్ల వ్యాపారం పెట్టింది. అందరూ నవ్వారు. వాడకట్టులో మగతోడు లేని ఆడవాళ్లను పిలిచి, తన వాకిట్లోనే కూర్చోబెట్టి కుట్టించేది. మీలో ఎవరైనా ఆ వైపు పెళ్లి భోజనం చేసి ఉంటే ఆమె విస్తరిలో తినే ఉంటారు. నా చదువు కూడా ఆ వాకిట్లోనే సాగింది.

అడవి నుంచి వచ్చిన ఆకు మోపులో విరిగిన కొమ్మ కనిపించిందా, ఇక తిట్లే తిట్లు. "కొమ్మ ఇరిస్తె వచ్చే యాడాది ఏం తెంపుతరు? జర ఆలోచన చెయ్యిండ్రి!" అని అరిచి, వెంటనే చాయ్ పోసేది. కొత్తరకం విస్తరి కుడితే ముందు పక్కింటి మేకకు వేసేది. "మేక తింటె పాసు" అనేది.

ఒకసారి కొల్లాపూర్ నుంచి పెద్ద పెళ్లి బేరం వచ్చింది. చారు కారకుండా విస్తరి కింద ప్లాస్టిక్ కాగితం అంటించాలన్నారు. పెద్దమ్మ కుదరదంది.

"గింత మొండితనం ఏందక్కా? నా పొయ్యిల పిల్లి లేస్తలేదు" అని కుట్టేవాళ్లలో ఒకామె ఏడ్చేసింది.

పెద్దమ్మ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "గా కాయితం మింగి ఒగలింట్ల బర్రె సస్తె, ఆళ్ల పొయ్యి ఎట్ల మండుతదే?" అంది.

తర్వాత విస్తర్ల మూట నెత్తిన పెట్టుకుని కొత్తకోట దాబాలన్నీ తిరిగి, చిన్నచిన్న బేరాలు పట్టుకొచ్చింది. వాకిట్లో పని ఆగలేదు. ఏడ్చినామె మాత్రం అలిగి మానేసింది. మళ్లీ మా గడప తొక్కలేదు. పెద్దమ్మకు ఆ దిగులు ఉండిపోయింది. ఎవరు తలుపు తట్టినా, "అదేనా?" అని అడిగేది.

దినాలనాడు వంటల హడావుడిలో మావాళ్లు బజారు నుంచి థర్మాకోల్ ప్లేట్లు తెచ్చారు. ఇంతలో ఆ అలిగి మానేసినామె వచ్చింది. ప్లేట్ల కట్ట పక్కకు నెట్టి, పెద్దమ్మ ఎండబెట్టి దాచిన ఆకు తడిపి ముందేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్లూ చుట్టూ చేరారు. బంతి బంతికీ విస్తర్లు అందాయి.

భోజనాలయ్యాక ఎంగిలి విస్తర్ల కుప్ప మీదికి మేకలు వచ్చాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆఖరి ఆకు అయిపోయేదాకా అక్కడే నిలబడింది.

"పాసయిందక్కా" అంది.