ఉతికిన వల

నా ఫొటో స్టూడియో మూసేశాక మిగిలిపోయిన, ఫొటోలు ముద్రించే బ్రోమైడ్ కాగితాల పెట్టె తెరిస్తే ముందుగా బయటికొచ్చింది కంపు. రామచంద్రపురం తేమకు కాగితం మీది జిగురుపూత కుళ్లి, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అంచుల వెంట బొద్దింకల పెంట. డైరీలో లెక్క రాసుకున్నాను: వందలో విడదీయగలిగినవి ఇరవై మూడు. అవీ వెలుతురు తగిలి చెడినవే.

పారేయవలసిందే. కానీ అలాంటి కాగితం మీద తడి వస్తువేదైనా పెట్టి, గాజుపలకతో అదిమి ఎండలో ఉంచితే దానంతటదే రంగు తిరుగుతుందనీ, ఫొటో చెరగకుండా నిలిపే హైపో ద్రావణంలో ముంచితే ఆ ముద్ర నిలుస్తుందనీ చదివాను. మొదట తమలపాకు పెట్టాను. రెండు గంటల నలభై నిమిషాలకు ఇటుకరంగు మీద తెల్లని ఆకు, దాని ఈనెల వెంట ఊదా ఛాయ. చూడముచ్చటగానే ఉంది. ఆకు కింద ఊరిన బంకను తుడిచేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇరవై రెండు కాగితాలు వాడాను.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ అరుగు మీద ఆరుతున్న ముద్రలు చూసి తట్ట దించింది.

“ఏంటండి బాబుగారూ, ఆకులక్కూడా పాస్‌పోర్టు ఫొటోలు తీసేస్తన్నారా?”

నవ్వాను. ఆమె ఒక ముద్ర మీదికి వంగి అడిగింది.

“మా ఆయన వలకి ఇలాంటిదొకటి తీసిపెడతారాండి? ఆయన అల్లుకున్నదే. ఆఖర్సారి ఏసొచ్చి గోనెలో కుక్కాడండి, మర్నాడే పోయాడు. నేను ముట్టుకోలేదు. రేపు సాయంత్రం మా మరిది పట్టుకెళ్లిపోతాడండి.”

“ఆయన ఫొటో లేదా?”

“ఆధార్ కార్డులో ఉందండి. అది ఆయన్లా ఉండదు.”

ఒక్క కాగితమే మిగిలిందన్నాను. ఒక్కటి చాలంది.

సాయంత్రం గోనె దించి వెళ్లింది. మూతి విప్పగానే ఈగలు లేచాయి. వల నిండా పొలుసులు, నాచు, నల్లటి బురద, సగం కుళ్లిన పీత కాళ్లు. ముక్కుకు మళ్లీ గుడ్డ కట్టుకున్నాను. సర్ఫు నీళ్లలో రెండుసార్లు, మంచినీళ్లలో మూడుసార్లు జాడించి తీగ మీద ఆరేశాను. అప్పుడుగాని అన్నం సహించలేదు.

మర్నాడు ఆ చివరి కాగితం మీద వల కొసను పరిచి, మూడు గంటలు ఎండలో ఉంచాను. హైపోలోంచి తీసి చూస్తే లెక్కల పుస్తకంలో గళ్లలాగా పల్చని బూడిదరంగు గీతలు, అంతే. రంగు తెచ్చేది వస్తువుకున్న తడీ, ఉప్పూ, బంకానూ; వాటినే వలలోంచి కడిగేశాను. ఇరవై రెండుసార్లు కళ్లారా చూసిన సంగతి.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. కాగితం వంక ఒకసారి చూసి, వల ఎత్తి ముఖానికి ఆనించుకుంది.

“అంత నీసు కొట్టిందాండి?”

కాగితాన్ని ఆమెకు అందించాను.

“మీకు శ్రమిచ్చానండి,” అని వలను గోనెలో వేసుకుని, కాగితాన్ని చుట్టి కొంగులో పెట్టుకుని వెళ్లింది.

దొడ్లో తూముదగ్గర రెండు పొలుసులు ఎండి అంటుకుని ఉన్నాయి. గోటితో గీకబోయాను, పొడయిపోయాయి. నా వేళ్లు ఇంకా సర్ఫు వాసనే వేస్తున్నాయి.